కనుమ రాత్రి భోజనానికి శాకాహారులు వస్తున్నారు, గారెల్లోకి ఏం చేయాలి?

కృష్ణాతీరం:
అందరికీ నమస్కారమండీ. కనుమ రాత్రి మా ఇంట్లో 8 మందికి భోజనాలు. ఎప్పటిలాగే గారెలు, నాటుకోడి పులుసు. ఈసారి మా అబ్బాయి స్నేహితుడు, వాళ్ళమ్మగారు కూడా వస్తున్నారు. ఇద్దరూ శాకాహారులు. ఆవిడైతే ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టరు. పండగ పూట వాళ్ళకి పప్పు, పెరుగు వేసి పంపడం నాకు ఇష్టం లేదు. గారెల్లోకి కోడిపులుసు బదులు ఏం పెడితే బాగుంటుంది? హోటల్ నుంచి పనీర్ కూర తెప్పిద్దామని ఇంట్లో వాళ్ళు అంటున్నారు. ఉన్నది ఒకటే వంటిల్లు, పెరట్లో ఒక కట్టెల పొయ్యి. రెండు వంటలూ కలవకుండా ఎలా చేసుకోవాలి? కొలతలు కూడా చెబితే మేలు.

మూకుడుగరిటె:
కృష్ణాతీరం గారూ, పనీర్ మాట పక్కన పెట్టేయండి. గారె రుచంతా పులుసు పీల్చుకోవడంలోనే ఉంది. పనీర్ గ్రేవీ లోపలికి దిగదు, పైపైన అంటుకుని ఉండిపోతుంది. పైగా హోటల్ గ్రేవీలకి అడుగున ఉండేది ఉల్లి, వెల్లుల్లి ముద్దే కాబట్టి ఆవిడ ఎలాగూ తినలేరు.

కోడిపులుసు చేసే పని మన వంటల్లో దప్పళం చేస్తుంది. పులుపు, తీపి, కారం మూడూ ఉంటాయి, ముక్క ఉంటుంది, గారె నానడానికి కావలసినంత రసం ఉంటుంది. సంక్రాంతి రోజుల్లో గుమ్మడికాయ, చిలగడదుంప, చిక్కుళ్ళు, కొత్త బెల్లం వెతుక్కోవక్కర్లేదు కూడా. ఇద్దరికోసం చిన్న గిన్నెలో కాకుండా 8 మందికీ సరిపడా చేయండి. అందరి విస్తట్లో ఉన్న కూరే తన విస్తట్లోనూ ఉంటే వచ్చినవాళ్ళకి మొహమాటం ఉండదు.

8 మందికి: తీపి గుమ్మడికాయ 400 గ్రాములు (తొక్కతోనే, పెద్ద ముక్కలు), ఆనపకాయ 300, చిలగడదుంప 250, మునగకాయలు 3, వంకాయలు 4, చిక్కుళ్ళు 100 గ్రాములు, బెండకాయలు 8. చింతపండు 75 గ్రాములు, అంటే దాదాపు మూడు నిమ్మకాయలంత. బెల్లం 50 గ్రాములు.

పొడికి ధనియాలు 2 పెద్ద చెంచాలు, శనగపప్పు 1, మినప్పప్పు 1, నువ్వులు 1, ఎండుకొబ్బరి తురుము 2, ఎండుమిర్చి 7, మెంతులు పావు చిన్న చెంచా. శనగపప్పు సన్నసెగ మీద లోపలిదాకా వేగాలి. పైన ఎర్రబడి లోపల పచ్చిగా ఉంటే పులుసంతా పచ్చి వాసనే. మెంతులు మరీ ఎర్రగా వేగితే చేదు. అందుకే ఒక్కోటి విడిగా వేయించి, చల్లారాకే పొడి కొట్టండి.

బెండకాయల్ని రెండంగుళాల ముక్కలు చేసి, 2 చెంచాల నూనెలో జిగురు పోయేదాకా వేయించి పక్కన పెట్టండి. లీటరుంపావు నీళ్ళలో పసుపు, 4 చిన్న చెంచాల ఉప్పు వేసి, ముందు మునగ, చిలగడదుంప 6-7 నిమిషాలు ఉడికించండి. తర్వాత ఆనప, వంకాయ, చిక్కుళ్ళు 5 నిమిషాలు. గుమ్మడి చివర, 4 నిమిషాలు చాలు.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ముక్క ఉడక్కుండానే చింతపండు రసం పోస్తారు. పులుపు తగిలిన ముక్క ఆ తర్వాత తొందరగా మెత్తబడదు, నమిలితే కరకరమంటుంది. మునగముక్కని బొటనవేలితో నొక్కితే గుజ్జు తేలిగ్గా విడివడాలి. అప్పుడే రసం పోయాలి. పోశాక బెల్లం, పొడి, బెండకాయలు వేసి సన్నసెగ మీద 15 నిమిషాలు మరగనివ్వండి. ఒక పెద్ద చెంచా బియ్యప్పిండి అరకప్పు చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి పోసి, మరో 5 నిమిషాలు ఉంచండి.

అన్నంలోకి చేసేదానికన్నా పలచగా దించాలి. చల్లారే కొద్దీ ఎలాగూ చిక్కబడుతుంది, గారె కూడా చాలా తాగుతుంది. గరిటె ఎత్తితే వెనక వైపు పల్చటి పొరలా అంటి, వేలితో గీసిన గీత మెల్లగా పూడుకోవాలి. ఆ పాకం సరైనది. చివర్లో 2 చెంచాల నేతిలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, పావు చిన్న చెంచా ఇంగువ, కరివేపాకు పోపు. ఉల్లి, వెల్లుల్లి లేని వంటకి ఆ ఘాటు ఇంగువే ఇవ్వాలి, కాబట్టి మంచిది వాడండి.

ఇక గారెలు. గారెలు 8 మందికీ ఒకటే పిండి కావాలి, అందులోనూ ఉల్లిపాయ వద్దు. ఉల్లి వేసిన పిండి కాసేపటికి నీరు వదిలి పలచబడుతుంది కూడా. మినపగుళ్ళు అరకిలో తీసుకుంటే 35 దాకా గారెలు వస్తాయి. 3 నుంచి 4 గంటలు నానితే చాలు. రాత్రంతా నానబెడితే పప్పు నీళ్ళు ఎక్కువ తాగి, పిండి జారై, గారె నూనె పీలుస్తుంది. గ్రైండర్‌లో 25 నిమిషాలు. నీళ్ళు మొత్తంమీద అరకప్పు మించకూడదు, అవీ చిలకరిస్తూ పోయాలి. ఒక గిన్నెడు నీళ్ళలో చిటికెడు పిండి వేస్తే వెంటనే తేలాలి. మునిగితే ఇంకా గాలి పట్టలేదన్నమాట, ఇంకో 5 నిమిషాలు రుబ్బండి. 2 చిన్న చెంచాల ఉప్పు, దంచిన మిరియాలు ఒక చెంచా, జీలకర్ర ఒక చెంచా, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు నూనె కాగాకే కలపండి. ఉప్పు ముందే వేస్తే పిండి నీరోడుతుంది.

నూనె వేడికి పరీక్ష: చిన్న ఉండ వేస్తే అడుగుకి వెళ్ళి వెంటనే పైకి రావాలి. వేసీ వేయగానే పైనే తేలి ఎర్రబడితే వేడెక్కువ, లోపల పిండి పిండిగా ఉండిపోతుంది. అడుగునే నానుతుంటే వేడి చాలదు, నూనె తాగేస్తుంది. చిల్లు అందానికి కాదు. చిల్లు లేకపోతే నడిమి భాగం ఉడకదు, లోపలి ఆవిరికి దారి లేక గారె పగిలి నూనె చిందుతుంది. రుబ్బుడుపడని పప్పుగింజ మిగిలినా అదే ప్రమాదం.

కలవకుండా చూసుకోవడానికి క్రమమే ముఖ్యం. కోడి పెరట్లో కట్టెల పొయ్యి మీద, శాకాహారం అంతా ఇంట్లో. ఒకే మనిషి రెండు చోట్లా గరిటె పట్టకుండా చూడండి. గారెలు కొత్త నూనెలో, కడిగిన స్టీలు మూకుట్లో వేయండి. ఇనప మూకుడు వద్దు. పోయినసారి చేపలు వేయించిన జిడ్డు దాని గోడలకి పట్టే ఉంటుంది, కాగగానే వాసన బయటికి వస్తుంది. కుక్కర్ రబ్బరుదీ అదే కథ. మాంసం ఉడికిన రబ్బరుని ఎంత తోమినా వాసన వదలదు, కొత్తది ఒకటి వేసుకోండి. చెక్క గరిటెలు, చెక్క పలకలు కూడా అంతే. ఫ్రిజ్‌లో పసుపూ ఉప్పూ పట్టించిన కోడిని మూతగిన్నెలో అడుగు అరలో పెట్టి, పెరుగుని పై అరకి మార్చండి.

ముందుగా ఒక ఫోన్ చేసి మిగతా పట్టింపులు అడిగేయండి. మునగకాయ, ముల్లంగి, మైసూరు పప్పు, పుట్టగొడుగులు కొన్ని ఇళ్ళలో వాడరు. వండాక తెలిస్తే ఇద్దరికీ ఇబ్బంది.

కోనసీమకోడలు:
దప్పళం బాగానే ఉంది కానీ పొడికూర ఒకటి ఉండాలండీ. పనసపొట్టు ఆవకూర పెట్టండి. మాంసం వండే ఇంట్లో దాని పక్కన నిలబడగలిగిన శాకాహార కూర ఇది.

పొట్టు కొట్టి అమ్మేది దొరికితే అరకిలో తీసుకోండి. కాయ తెచ్చుకుంటే లేతది, గింజ గట్టిపడనిది చూసుకోండి. కత్తికీ చేతులకీ నూనె రాసుకోకపోతే పాలు అంటుకుని ఒక పట్టాన వదలవు. కొట్టిన పొట్టు ఎప్పటికప్పుడు పసుపు కలిపిన నీళ్ళలో వేస్తే నల్లబడదు.

ఉప్పు, పసుపు వేసిన నీళ్ళలో 10 నుంచి 12 నిమిషాలు ఉడికించండి. రెండు వేళ్ళ మధ్య నలిపితే పోగు మెత్తగా విడిపోవాలి, ముద్దవకూడదు. వార్చి, చల్లారాక గట్టిగా పిండండి. ఈ పిండడం సరిగ్గా లేకపోతే కూర పొడిపొడిగా రాదు, చింతపండు కలవగానే చిత్తడిగా తయారవుతుంది. 30 గ్రాముల చింతపండు చిక్కటి గుజ్జు తీసుకోండి.

5 చెంచాల నూనెలో శనగపప్పు 2 చెంచాలు, మినప్పప్పు 2, ఆవాలు 1, ఎండుమిర్చి 6, జీడిపప్పు గుప్పెడు, ఇంగువ, పచ్చిమిర్చి చీలికలు 5, కరివేపాకు రెండు రెమ్మలు. పోపు దండిగా ఉండాలి, నూనెకి వెనకాడితే ఈ కూర రుచి రాదు. అందులో చింతపండు గుజ్జు పోసి, పచ్చి వాసన పోయి నూనె తేలాక పొట్టు వేసి, ఉప్పు చూసి 8 నిమిషాలు కలుపుతూ మగ్గించి దించేయండి.

ఆవ విషయంలో జాగ్రత్త. చిన్న చెంచాన్నర ఆవాలు, 2 ఎండుమిరపకాయలు, చిటికెడు ఉప్పు, చన్నీళ్ళతో మెత్తగా నూరండి. వేడినీళ్ళు పోస్తే ఘాటు రాదు. కూర పొయ్యి మీద ఉండగా ఆవ కలిపితే ఘాటు పోయి చేదొక్కటే మిగులుతుంది. గిన్నెని చేత్తో పట్టుకోగలిగినంత చల్లారాక ఆవ, చెంచా పచ్చి నువ్వులనూనె వేసి చేత్తో కలపండి. కలిపిన గంటకి ఘాటు బాగా పడుతుంది కాబట్టి 7 గంటలకి కలిపి 8కి వడ్డిస్తే సరిగ్గా ఉంటుంది.

నాటుకోడికి పెట్టిన మసాలా ముద్ద మిగిలిందని ఇందులో వేయకండి. అల్లం, వెల్లుల్లి, గసగసాలు తగిలితే ఆవ రుచి చచ్చిపోతుంది.

మానేరుగట్టు:
మా దిక్కు పండుగకు మటన్ వండినప్పుడు బగారా అన్నం తప్పకుండా ఉంటది. తెల్లన్నం బదులు అదే చెయ్యండి. మాంసం తినేటోళ్ళకు, తిననోళ్ళకు ఒకటే గిన్నె సరిపోతది. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ లేకున్నా మంచిగనే వస్తది, కొద్దిగ మార్చుకోవాలె.

8 మందికి బియ్యం 750 గ్రాములు. సంక్రాంతికి ఇంటికొచ్చే కొత్త బియ్యం దీనికి పనికిరాదు, ముద్దయితది. పాత బియ్యం తీసుకొని 20 నిమిషాలు నానబెట్టాలె. నూనె 4 చెంచాలు, నెయ్యి 2. చెక్క మూడంగుళాలు, లవంగాలు 8, యాలకులు 6, షాజీర ఒకటిన్నర చిన్న చెంచా, బిర్యానీ ఆకులు 2. అవి చిటపటమన్నంక జీడిపప్పు, పచ్చిమిర్చి 8, దంచిన అల్లం 2 చెంచాలు, పుదీన, కొత్తిమీర చెరో గుప్పెడు. ఉల్లిగడ్డ ఇచ్చే కమ్మదనం కోసం చిలికిన పెరుగు అరకప్పు పోసి, నీరు ఇంకి నూనె తేలేదాక వేయించాలె. పొయ్యి పెద్దగ ఉన్నప్పుడు పోస్తే పెరుగు విరుగుతది, మంట తగ్గించి పొయ్యండి.

లీటరున్నర నీళ్ళు, ఉప్పు 4 చిన్న చెంచాలు. ఎసరు మరిగినంక బియ్యం వెయ్యాలె. నీళ్ళు బియ్యం మట్టానికి దిగంగనే మూత పెట్టి, సన్నమంట మీద 10 నిమిషాలు, దించినంక ఇంకో 10 నిమిషాలు మూత తియ్యొద్దు. మధ్యల గరిటెతో కలిపితే మెతుకు విరిగి జిగటైతది.

దప్పళం ఉన్నది కాబట్టి పచ్చిపులుసు వద్దు, రెండు పులుసులు ఎక్కువైతయి. కమ్మటి పెరుగు, కీరదోస ముక్కలు సరిపోతయి.

దూరదేశం:
విదేశాల్లో ఉండి ఇది చదివేవాళ్ళకి రెండు మాటలు. గ్రైండర్ లేకపోతే మిక్సీలోనూ గారెపిండి వస్తుంది. కానీ జార్ వేడెక్కితే పిండి బిగుసుకుపోయి గారె గట్టిపడుతుంది. నానిన పప్పు అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, ఐసునీళ్ళు చిలకరిస్తూ కొద్దికొద్దిగా, ఆపి ఆపి తిప్పండి. తీసిన పిండిని ఒకే దిక్కున చేత్తో 4 నిమిషాలు గిలకొట్టండి. గ్రైండర్ చేసే సగం పని అక్కడ పూర్తవుతుంది. ఏళ్ళ తరబడి డబ్బాలో ఉన్న మినప్పప్పు ఎంత రుబ్బినా పొంగదు, కొత్త పొట్లం కొనండి.

డబ్బా పనసకాయ కొనేటప్పుడు ఉప్పునీళ్ళలో ఉన్న లేతకాయే చూసుకోండి, పక్కనే పాకంలో వేసిన పండుముక్కలు కూడా ఉంటాయి. ఉప్పునీళ్ళది రెండుసార్లు కడిగి, కూరలో ఉప్పు సగానికి తగ్గించండి. ఇండియన్ షాపుల్లో గడ్డకట్టించిన పనసపొట్టు దొరికితే అదే మేలు, రుచి దగ్గరగా ఉంటుంది.

వేయించిన గారెల్ని మూతగిన్నెలో పెడితే తమ ఆవిరికే చెమర్చి మెత్తబడతాయి. అవెన్ 100 డిగ్రీల సెల్సియస్‌లో ఉంచి జాలీ మీద పరిస్తే 40 నిమిషాలదాకా కరకర పోదు. ఇంగువ పొడిలో గోధుమ పిండి కలిపేవి చాలా ఉన్నాయి, గోధుమ పడని అతిథి ఉంటే డబ్బా మీద చూడండి. అక్కడి మిఠాయిల్లో, పుడ్డింగుల్లో చాలావాటిలో జెలటిన్ (జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది) ఉంటుంది కాబట్టి చివర్లో పెట్టే తీపి ఇంట్లో చేసిన పరమాన్నమే అయితే నిశ్చింత.

కృష్ణాతీరం:
ఎంత వివరంగా చెప్పారండీ, చాలా సంతోషం. ఫోన్ చేసి అడిగాను, మునగకాయ తింటారట, ముల్లంగి మాత్రం వద్దన్నారు. ఇంకో మూడు సందేహాలు. గారెపిండి పొద్దున్నే రుబ్బి పెట్టుకోవచ్చా? పిండి పలచనైతే ఏం చేయాలి? వడ్డన ఎలా పెట్టుకుంటే బాగుంటుంది? భోగి నాడు వండిన అరిసెలు కూడా ఉన్నాయి, అవి పెట్టొచ్చా?

మూకుడుగరిటె:
పొద్దున రుబ్బి బయట ఉంచితే సాయంత్రానికి పులుస్తుంది. పులిసిన పిండి నూనె తాగుతుంది, అట్ల రుచి వస్తుంది. తప్పనిసరైతే ఉప్పు వేయకుండా మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, 5-6 గంటలు నిలుస్తుంది. వేసేముందు మళ్ళీ గిలకొట్టాలి, గాలి తగ్గిపోయి ఉంటుంది. నన్నడిగితే ఒంటిగంటకి నానబోసి నాలుగున్నరకి రుబ్బడం మేలు. 5కి దప్పళం, ఆరుంపావుకి పనస, ఏడుంపావుకి నూనె పెట్టండి. నాటుకోడి ముదురుదైతే గంటన్నర పడుతుంది కాబట్టి పెరట్లో పొయ్యి ఐదున్నరకే వెలిగించండి.

పలచనైతే చాలామంది బియ్యప్పిండి పోసేస్తారు. 2 చెంచాలు మించితే గారె రాయిలా అవుతుంది. ముందు అరగంట ఫ్రిజ్‌లో పెట్టి చూడండి, చల్లబడితేనే కొంత గట్టిపడుతుంది. అప్పటికీ జారుతుంటే అటుకులు పొడి చేసి 2 చెంచాలు కలిపి 10 నిమిషాలు ఆగండి. ఎక్కువ నీటిని అదే పీల్చుకుంటుంది, గారె మెత్తదనం పోదు. అదీ కుదరకపోతే ఆ పిండితో పునుకులు వేసేయండి, దప్పళంలో అవి కూడా బాగుంటాయి.

అరిసెలు కొత్త నూనెలోనో నేతిలోనో వండి ఉంటే నిస్సంకోచంగా పెట్టండి. ఆ మూకుట్లో అంతకుముందు ఏం వేయించారో మాత్రం ఇంట్లో అడిగి తెలుసుకోండి. తెలియకపోతే పెట్టకండి, పరమాన్నంతో సరిపెట్టండి.

వడ్డన విషయం. అందరికీ అరిటాకులు వేయండి, పళ్ళేల సంగతే రాదు. వాళ్ళిద్దర్నీ వేరే గదిలో కూర్చోబెట్టకండి, అదే పంక్తిలో ఒక చివర వేసి, వాళ్ళ పక్కన మీ ఇంట్లో ఆ పూట మాంసం మానేసేవాళ్ళని కూర్చోబెట్టండి. ఇలా చేయవచ్చా అని ఆవిడని ముందే ఒక మాట అడగండి, కొందరికి మాంసం వాసన పడదు. అలా అయితే వాళ్ళకి ముందు పంక్తి పెట్టి, కోడి గిన్నె ఆ తర్వాతే లోపలికి తెండి. శాకాహారం వడ్డించే మనిషి వేరు, కోడి వడ్డించే మనిషి వేరు. నేతిగిన్నె, ఉప్పు, పెరుగు రెండు జతలు పెట్టండి. గిన్నెలు వేరైనా ఒకే గరిటె అటూ ఇటూ తిరగడం వల్లే పొరపాటు జరుగుతుంది. దప్పళం గరిటెకి తెల్ల దారం కట్టి ఉంచండి, హడావిడిలో చేతులు మారినా తెలుస్తుంది.

మొదటి వాయి గారెలు వాళ్ళ ఆకులోకే వెళ్ళాలి. ఆకులో గారె వేసి దాని మీద దప్పళం పోయకండి. చిన్న గిన్నెలో దప్పళం పోసి, రెండు గారెలు ముంచి, మరో రెండు పొడిగా పక్కన పెట్టండి. నానిన గారె ఇష్టమైనవాళ్ళూ, కరకరలాడేది నంజుకునేవాళ్ళూ ఇద్దరూ ఉంటారు.

కోనసీమకోడలు:
ఒక్కటి మర్చిపోయాను. పనసపొట్టు పిండిన నీళ్ళు పారబోసేముందు ఉప్పు చూడండి. నీళ్ళు ఉప్పగా ఉంటే పొట్టులోకీ దిగిందని అర్థం, అప్పుడు పోపులో ఉప్పు వేయనక్కర్లేదు. ఆవలో వేసిన చిటికెడు చాలు.